సముద్రం లేని సీమలో అలల లెక్క

మా ఫిజిక్స్ సార్ ఇక లేరని మొన్న పొద్దున హిందూపురం నుంచి ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. నేను పెనుకొండ బడిలో అప్పుడే తొమ్మిదో తరగతి గదిలోకి వెళ్తున్నాను. ఆయన నేర్పిన చదువుతోనే ఇన్నేళ్ళుగా పాఠాలు చెబుతున్నదాన్ని, ఆ రోజు మాత్రం పుస్తకం తెరవకుండానే బయటికి వచ్చేశాను.

సార్‌కు సముద్రమంటే ప్రాణం. చూసింది మాత్రం సినిమాల్లోనే. ఇంటర్లో మాకు అలల శక్తి లెక్క చెప్పేటప్పుడు, ఎక్కడ తడుస్తాయో అన్నట్టు చొక్కా చేతులు పైకి మడుచుకునేవారు.

ఒకసారి మమ్మల్ని బుక్కపట్నం చెరువుకు తీసుకెళ్ళారు. గాలికి అలలు కట్టను కొడుతున్నాయి. వాటి శక్తి లెక్కగట్టమన్నారు. మేమంతా బుద్ధిగా ఒక్కో అల ఎన్ని బిందెల నీళ్ళు మోసుకొస్తోందో అంచనా వేసి చూపించాం. సార్ పడీపడీ నవ్వారు.

"కరువు సీమ పిల్లోళ్ళప్పా మీరు! అల కనపడితే సాలు, నీళ్ళొస్తాండాయనుకుంటారు. అట్లయితే ఈపాటికి చెరువంతా ఈ కట్టకాడికే వచ్చుండల్ల గదా?"

మా బుర్రకెక్కలేదు. ఆ ఆదివారమే ధర్మవరంలో నేతపని చేసే తన తమ్ముడి ఇంటికి మమ్మల్ని లాక్కెళ్ళారు. వీధిలో సాచిన పట్టు పడుగు పోగుల కొస పట్టుకుని ఒక్క విదిలింపు విదిలించారు. చిన్న ఉబ్బు ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తింది.

"ఏందన్నా, పట్టుతో ఆటలా! తెగితే ఎవరు అతికేది?" అని తమ్ముడు లేచాడు.

సార్ వింటేగా! మావైపు తిరిగి, "పోగు యాడికన్నా పోయిందా? ఆడనే ఉండాది. పోయింది ఊపు. అల కూడా అంతే. నీళ్ళు ఉన్నకాడే లేచి దిగుతాయి, శక్తి ముందుకు పోతాది. అల ఎత్తు రెండింతలైతే శక్తి నాలుగింతలు. ఇది మరిచినోళ్ళు నా శిష్యులు కారు" అన్నారు. నేను మరవలేదు.

పోయిన ఏడాది ఆయన గుండెకు ఆపరేషన్ చెయ్యాలన్నారు. ముందు సముద్రం, ఆ తర్వాతే కత్తి అని సార్ మొండికేశారు. దారిలో ఏమన్నా అయితే ఎట్లా అని ఇంట్లో అందరూ వద్దన్నారు. నాకూ భయమే. డాక్టరు నిదానంగా పోయి రమ్మన్నాక, కూతురూ నేనూ కలిసి ఆయన్ను కార్లో నెల్లూరు తీరానికి తీసుకెళ్ళాం.

పంచె ఎగగట్టి నీళ్ళలో నిలబడ్డారు. పెద్ద అల ఒకటి వచ్చి ఎదురుగానే విరిగింది. గభాలున నా చెయ్యి పట్టుకున్నారు.

"ఏం సార్, లెక్క సరిపోయిందా?" అన్నాను.

"సరిపోయిందమ్మా. ఈ సద్దు మాత్రం లెక్కలో యాడా లేదు" అన్నారు.

ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలు బాగానే ఉన్నారు. ఎప్పుడు ఫోన్ చేసినా సముద్రం మాటే. నాకు అంత ఇచ్చిన మనిషికి నేను తిరిగి ఇవ్వగలిగింది ఆ ఒక్క సాయంత్రమే, అదైనా దక్కింది.

కళ్ళు మూసుకుంటే అదే కనబడుతోంది. పొద్దు వాలుతోంది. "నాయనా, సాలు, వచ్చేయ్" అని కూతురు ఒడ్డు నుంచి బతిమాలుతోంది. సార్ వెనక్కి తిరక్కుండానే చెయ్యి ఊపుతున్నారు.

"ఉండమ్మా, ఇంగొక్క అల చూసి వస్తా."