చేపల లారీలు ఆగిన మధ్యాహ్నం

షాలిమార్ గూడ్స్ యార్డు పక్కన ఒక కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్లు చూసే ఉద్యోగం నాది. గేటు బాధ్యత మా చిన్నాన్నది. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్ నుంచి రోజూ ఆయన స్కూటర్ మీదే ఇద్దరం వచ్చేవాళ్లం.

ఆ వేసవి మధ్యాహ్నం గేటు పాసులు ప్రింటవడం ఆగిపోయింది. పాసులిచ్చే ప్రోగ్రామ్ నడిచే లినక్స్ వర్చువల్ మెషీన్‌లో డిస్కు నిండిపోయింది. చెరపడానికి పనికిరాని ఫైలంటూ మిగల్లేదు. డిస్కు సైజు పెంచాను గానీ, లోపల ఫైళ్లుండే భాగం, అంటే పార్టిషన్, పాత హద్దు దగ్గరే ఉండిపోయింది. దాని వెనకాలే, మెమరీ చాలనప్పుడు వాడుకునే స్వాప్ పార్టిషన్ అడ్డం. స్వాప్‌ను తీసేసి, ముందు పార్టిషన్‌ను పొడిగించి, ఆపైన ఫైల్ సిస్టమ్‌ను పెంచాలి. చెయ్యి తప్పితే రికార్డంతా పోతుంది. అందుకని ముందు మొత్తం డిస్కుకి నకలు తీయడం మొదలుపెట్టాను. అది నత్తలా నడుస్తోంది.

బయట ఆంధ్రా నుంచి వచ్చిన చేపల లారీలు, పాసు లేక లోపలికి రాలేక బారులు తీరాయి. ఐసు కరిగి కింద నీళ్లు మడుగు కట్టాయి. చేత్తో రాసిన పాసు చెల్లదని పైవాళ్లు ఫోన్‌లో తెగేసి చెప్పారు.

ఆ లారీల హిందీ డ్రైవర్లు విసిరిన మొదటి రాయికి కిటికీ అద్దం పగిలింది. కీబోర్డు మీద గాజు ముక్కలు పడ్డాయి. చిన్నాన్న నా గది తలుపుకి బయట నుంచి గొళ్లెం పెట్టాడు.

"నువ్ బయటికి రాకమ్మా. నీ పని నువ్ చూసుకో."

"చిన్నాన్నా, తలుపు తియ్యి."

"ఆలకి నేను సెప్తాను."

ఆయన్ని చెప్పనివ్వనే లేదు. నలుగురు కాలర్ పట్టి ఈడ్చుకెళ్లారు. పగిలిన కిటికీలోంచి అంతా కనిపిస్తోంది. "పాస్ దే, పాస్ దే" అని అరుస్తూ బెల్టులతో కొట్టారు. ఒకడి చేతిలో జాకీ రాడ్డు. అది దవడ మీద పడ్డ చప్పుడు నాకు వినిపించింది. కళ్లు చెమర్చి తెర మీద అంకెలు అలుక్కుపోయాయి. నకలు పూర్తయింది. స్వాప్ తీసేశాను. పార్టిషన్ మొదలయ్యే చోటు మారలేదని రెండుసార్లు చూసుకుని పొడిగించాను. ఫైల్ సిస్టమ్ పెరిగింది. ప్రింటర్ కదిలింది.

"పాసులు వచ్చేశాయి, ఆపండి" అని హిందీలో అరిచాను. ఎవరూ ఆపలేదు. వాళ్లకి పాసుల సంగతే గుర్తులేదు.

గోడకున్న మంటలార్పే సిలిండర్ పీకి, కిటికీలో మిగిలిన అద్దాన్ని దానితోనే పగలగొట్టి బయటికి దూకాను. అరచేయి చీరుకుపోయింది. రాడ్డు మళ్లీ పైకి లేచింది. సిలిండర్‌తో వాడి భుజం మీద బలమంతా పెట్టి కొట్టాను. ఎముక విరిగిందని చేతికే తెలిసింది. మిగతావాళ్ల మొహాల మీదికి పొడి చిమ్మాను. దగ్గుతూ వెనక్కి తగ్గారు.

చిన్నాన్నను ఆటోలో ఎక్కించి ఆసుపత్రికి పంపాను. పోలీసులు వచ్చేలోగా చేపలు పాడవుతాయని పాసులు పంచడానికి నేనే కూర్చున్నాను. నా దెబ్బకి చెయ్యి వేలాడుతున్న ఆ రాడ్డు డ్రైవరు కూడా వరసలో వచ్చాడు. నా మొహం చూడలేదు. ఎడమ చేత్తో పాసు తీసుకున్నాడు. దానికి నా నెత్తురు అంటింది. లారీ నడపలేక క్లీనర్‌కి తాళాలిచ్చాడు. తర్వాత పోలీసులు అతన్నీ నన్నూ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి వాంగ్మూలం తీసుకున్నారు.

ఆసుపత్రిలో చిన్నాన్న దవడకు తీగలు కట్టారు. పళ్ల సందుల్లోంచే అడిగాడు.

"ఏటి, కొట్టీసినావంట?"

"కొట్టాను."

ఆయన నా కట్టు కట్టిన చేతిని తన ఒళ్లోకి తీసుకుని నిద్రపోయాడు.