గోదాములో అమెరికా ఓట్లు

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిన వారానికే, ఎగైలాలో నేను పనిచేసే ఇంటి మామా, అంటే యజమానురాలు, పిల్లలతో సౌదీకి వెళ్లిపోయింది. కారులో నాకు చోటు లేదంది. ఇల్లు చూసుకోమని తాళాలు నా చేతిలో పెట్టింది. సైనికులు మా వీధిలో ఇళ్లు దోచడం మొదలుపెట్టాక, మా కడప వాళ్లతో కలిసి సులైబియాలోని ఒక కూరగాయల గోదాముకు చేరాను.

అక్కడి గుమాస్తా గోదావరి జిల్లా మనిషి. ఆయన దగ్గర రేడియో ఉండేది. ఇంగ్లీషు వార్తలు విని మాకు తెలుగులో చెప్పేవాడు. అమెరికా ఎప్పుడొస్తుందా అని మేమంతా ఆయన నోటివైపు చూస్తూ కూర్చునేవాళ్లం. ఒక మధ్యాహ్నం ఆయన ముఖం వెలిగింది.

"వస్తాండారా అన్నా?" అని అడిగాను.

"అబ్బే, అది కాదండీ. అక్కడ ప్రైమరీ ఎన్నికలంట."

"అంటే ఏంది?"

"ఒకే పార్టీ వాళ్లు తమలో తామే పోటీ పడతారండి. టికెట్టు ఎవరికివ్వాలో జనమే ఓటేసి తేలుస్తారు."

"గెలిచినోడు కుర్చీ ఎక్కుతాడా?"

"అప్పుడేనా! అవతలి పార్టీవాడితో అసలు పోటీ నవంబర్లోనండి."

"ఓడినోడు ఊరికే ఉంటాడా? మా పక్కయితే తలకాయలు పగుల్తాయి."

"గెలిచినోడికే ఓటేయమని ఆయనే తిరిగి చెప్తాడండి."

ఆ మాట తన సొంత ఊరి గొప్పలా చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. గోదాములో డ్రమ్ము అడుగున తుప్పునీళ్లు తప్ప తాగడానికి ఏమీ లేవు.

"ఆ ఓట్లేసేవాళ్లకు మనం ఈడ ఉండామని తెలుసా?"

"వాళ్లకెలా తెలుస్తుందండీ!"

"మల్ల వాళ్ల టికెట్లతో మనకేం పని? కట్టెయ్ దాన్ని!"

"నా రేడియో, నా ఇష్టం!" ఆయనా గొంతు పెంచాడు.

ఆ అరుపులకు గేటు దగ్గరి సైనికుడు లోపలికొచ్చాడు. ఇంగ్లీషు వినపడగానే గుమాస్తా చెంప పగలగొట్టి రేడియో లాక్కున్నాడు. "హరామ్! మిస్కీన్!" అంటూ, పాపం అమాయకుడని నాకొచ్చిన అరబీలో చెప్పి అడ్డుపడ్డాను. సైనికుడు తుపాకీ మడమతో నన్ను పక్కకు నెట్టేశాడు. భుజం వాచిపోయింది.

అడ్డుపడినందుకు గుమాస్తా మంచి మాటే అంటాడనుకున్నాను.

"మీ నోటివల్లేనండీ ఇదంతా."

"నా నోటివల్ల కాదు, నీ అమెరికావల్ల!"

ఆ తర్వాత మాకు బయటి కబురేదీ తెలియలేదు. చివరికి మనవాళ్లను ఇండియాకు చేర్చే విమానాల కోసం జోర్డాన్ వెళ్లే బస్సులో ఆయన పక్క సీటే దొరికింది నాకు. ఎడారంతా దాటినా ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. బొంబాయిలో విమానం దిగేటప్పుడు, నా భుజం చూసి కాబోలు, ఆయన నా మూట అందుకోబోయాడు.

లాక్కుని ముందుకు నడిచాను.