పక్క మంచం

వీధి చివర బట్టలు కుట్టే ఆవిడను అందరూ కత్తెరమ్మ అంటారు, గుడ్డతోపాటు ఖర్చునూ కత్తిరిస్తుందని. మెడలో కొలతల టేపు, పెదాల మధ్య గుండుసూదులు. ఆ సూదుల సందులోంచే బేరాలాడుతుంది. తోడికోడలితో కలిసి పరదేశంలోని పుణ్యక్షేత్రానికి వెళ్ళాలని తొమ్మిదేళ్ళు కూడబెట్టింది. ఖర్చుల చీటీలో టాక్సీ కొట్టేసి బస్సు రాసుకుంది, రెండు పూటల టిఫిను ఒక పూటకు దించింది. పేచీ అంతా గది దగ్గరే. పెళ్ళై వచ్చిన నాటినుంచి ఇద్దరి గదుల మధ్యా పల్చటి గోడే మరి. “అక్కా, నీ గురకకి వేరే గది కావాలి. ఆ డబ్బు నువ్వే పెట్టుకో,” అనేది. “నోట్లో గుడ్డ కుక్కుకుని పడుకుంటాలేవే,” అని పెద్దావిడ నవ్వేది.

కిందటి నెల ఆ పెద్దావిడ గుండె ఆగి పోయింది.

నిన్న యాత్రల ఆఫీసులో గుమాస్తా, “ఒక్కరికే గదంటే చాలా ఎక్కువవుతుందండీ. ఇంకొకావిడ ఉన్నారు, ఆవిడతో కలిసి ఉండండి, సగం తగ్గుతుంది,” అన్నాడు. కత్తెరమ్మ మెడలోని టేపును వేలికి చుట్టుకుంటూ అడిగింది.

“ఆవిడ గురక పెడుతుందా బాబూ?”

“అబ్బే, లేదండీ! పక్కన మనిషి ఉన్నట్టే తెలీదు.”

“అయితే నాకేం లాభం నాయనా? ఒక్కదానికే రాయి.”