పెద్దనాయన మొహం తప్ప అన్నీ బాగా వచ్చిన ఫోటోలు

బండిని గోడకు గుద్దినవాళ్ళు, పెళ్ళిలో పప్పుగిన్నె బోర్లించినవాళ్ళు తమ ఘనకార్యాలను నవ్వుతూ చెప్పుకుంటారు. నా ఖాతాలోనూ ఒకటుంది. అందులో ఎవరి కాలూ విరగలేదు, ఏ గోడా కూలలేదు. ఒక మనిషి మొహాన్ని మాత్రం ఈ లోకంలో లేకుండా చేశాను. నవ్వండి, పర్వాలేదు. నేనూ సగం దాకా నవ్వుతూనే చెబుతాను.

అప్పట్లో నేను మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుని. పెళ్ళి కాలేదు, చెప్పేవాళ్ళు లేరు. ఎక్కడో పాత మాన్యువల్ లెన్స్ ఒకటి దొరికింది. దాని ఫోకస్ దానంతటది కుదరదు, రింగు చేత్తో తిప్పాలి. ఆ తిప్పడం వచ్చిన మర్నాటి నుంచే, ఫోన్లో ఫోటోలు తీసేవాళ్ళందరినీ జాలిగా చూడడం కూడా వచ్చేసింది. ఇలాంటి లెన్స్‌లతో కొండలూ కోనలూ తీసి పంచుకునే ఆన్‌లైన్ గ్రూపు ఒకటుంటే అందులో చేరి, ఎంతో గర్వంగా కంభం చెరువు ఫోటో పెట్టాను.

"కుంట బాగుంది. ఎంత పెద్దదో తెలియాలంటే పక్కన ఒక మనిషిని నిలబెట్టండి" అని ఎవరో రాశారు.

కనుచూపు మేర నీళ్ళుండే కంభం చెరువును కుంట అంటారా! ఆ రోజు అన్నం సహించలేదు. మనిషినే కదా అడిగింది, నిలబెడతాననుకున్నాను. చెరువు దగ్గరి ఊళ్ళోనే మా యోహాను పెద్దనాయన ఉండేవాడు. మా నాయనకు అన్న. కూలికి పోయేవాడు, నాలుగు మేకలు మేపేవాడు. ఆయనకూ మార్తమ్మ పెద్దమ్మకూ పిల్లల్లేరు. నేనంటే ప్రాణం. అడగ్గానే ఒప్పుకున్నాడు. అప్పటినుంచి ఆదివారం ప్రార్థన అయి గుడి విడవగానే, ఉతికిన చొక్కాతో, తలకు మళ్ళీ నూనె రాసుకొని కట్ట మీదికి వచ్చేవాడు.

నేను మాత్రం ఫోకస్ కొండ మీద పెట్టేవాణ్ణి. లేదంటే రాయి మీద, మేక మీద. లెన్స్‌ను పూర్తిగా తెరిస్తే ఒక్కటే తేటగా పడి మిగతాదంతా మసకబారుతుంది. ఆ మసకే కళ అనుకునే రోజులవి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నవాడు నయం. నేను పట్టిన పెద్దనాయనకు మొహమే లేదు.

"నా మొగం పడతా ఉందా?" అని అంత దూరం నుంచి అడిగేవాడు.

"బ్రహ్మాండంగా పడతా ఉంది పెద్దనాయనా."

ఒకసారి ఫోటో చూపిస్తే చాలాసేపు చూసి, ఇది నేనా, తుమ్మ మొద్దా అని అడిగాడు. గ్రూపులో మాత్రం పొగడ్తలే. ఆ మనిషికి మొహం లేకపోవడమే ఫోటోకు ప్రాణం అని ఒకాయన రాస్తే, దాన్ని పదిసార్లు చదువుకొని పొంగిపోయాను. మూడేళ్ళు ఇట్లాగే గడిచింది.

మూడో ఏడు వానాకాలంలో జ్వరం వచ్చి, నాలుగు రోజుల్లో పెద్దనాయన పోయాడు.

పోయినవాళ్ళ జ్ఞాపకార్థం పెట్టే ఆదరణ కూడికకు ఫ్లెక్సీ వేయించాలన్నారు. ఆయన పెళ్ళినాటి ఫోటో లేదు, ఏ పండక్కీ తీయించుకున్నదీ లేదు. ఉన్నది ఆధార్ కార్డు ఒక్కటే. అందులో ఆయన మేకను దొంగిలించి దొరికినవాడిలా ఉన్నాడు. బంధువులు అదే వేయిద్దామంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు. "మావోడు మూడేండ్లు తీసినాడు గదా. నవ్వేది ఒకటి చూసి తెస్తాడు" అంది.

హార్డ్ డిస్కు పట్టుకొని కంభంలో ఫ్లెక్సీ దుకాణానికి పోయాను. ఆపరేటరు వందల ఫోటోలు ఒక్కొక్కటీ పెద్దది చేసి చూశాడు. రాతి మీద పాచి తేటగా ఉంది. మేక గడ్డంలో వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. పెద్దనాయన ఉండాల్సిన చోట తడి చేత్తో తుడిచినట్టు ఒక తెల్లని మరక.

"మేక మటుకు బలే వచ్చిందన్నా. పెద్దాయన కదిలినాడేమో" అన్నాడు ఆపరేటరు.

ఆయన కదల్లేదు. మూడేళ్ళలో ఒక్కసారీ కదల్లేదు.

ఆ కుర్చీలో కూర్చునే నాకు ఒక ఫోటో గుర్తొచ్చింది. ఒకరోజు గాలికి నా చెయ్యి జారి, రింగు తిరిగి, ఫోకస్ పోయిపోయి పెద్దనాయన మొహం మీద పడింది. మేక తువ్వాలు లాగుతుంటే పగలబడి నవ్వుతున్నాడు. ఒక్కొక్క పన్నూ కనపడుతోంది. వెనక కొండ మాత్రం మసక. థూ, పాడైపోయిందని ఆయన ముందే డిలీట్ నొక్కాను.

"ఏందిరా, బాగ రాలేదా?" అన్నాడు.

"చెరువు రాలేదు పెద్దనాయనా. నువ్వొక్కడివే పడినావు."

తప్పు తనదే అయినట్టు గబగబా తువ్వాలు సర్దుకొని, "ఇంకొంచెం పక్కకు జరగనా?" అని అడిగాడు. జరగమన్నాను. అది తలుచుకొని ఆ దుకాణంలో ఏడ్చాను. ఆపరేటరు పాపం లేచి బయటికి పోయాడు.

చివరికి ఉన్నవాటిలో కాస్త నయమైన మరకనే పెద్దది చేయించి తీసుకుపోయాను. కూడికకు వచ్చినవాళ్ళు ఫ్లెక్సీనీ నన్నూ మార్చి మార్చి చూశారు. పెద్దమ్మ దగ్గరికొచ్చి, ఫ్లెక్సీని చేత్తో తడిమి, "ఆయనే. అచ్చం ఇట్లనే ఉంటాడు" అంది. ఆమె రెండు కళ్ళల్లోనూ శుక్లాలున్నాయి. కొన్నేళ్ళుగా ఆమెకు పెద్దనాయన అట్లాగే కనపడుతున్నాడట. దేవుడు నన్ను ఇట్లా కాపాడాడని, సిగ్గు లేకుండా స్తోత్రం చెప్పుకున్నాను.

ఆ సంతోషంలో బుద్ధి ఊరుకుందా? పాపపరిహారంగా ఉంటుందని, పెద్దమ్మను నేనే వెంటబెట్టుకొని పోయి కంటి ఆపరేషన్ చేయించాను. అదీ నా తెలివి! కట్టు విప్పాక ఇంటికి తీసుకొచ్చాను. వాకిట్లో అడుగుపెడుతూనే మేకలను చూసింది, గోడ మీది పగుళ్ళు చూసింది, నేను నల్లబడిపోయానంది. తర్వాత ఆ గోడకే కట్టిన ఫ్లెక్సీ ముందు నిలబడింది. చాలాసేపు నిలబడింది.

"ఎండకు ఎలిసిపోయినట్టుంది నాయనా. నీకాడ శానా ఉండాయి గదా, ఇంకోటి ఏయించుకోని రా. కండ్లు వచ్చినాయి, ఈసారి ఆయన్ని సరిగ్గా చూసుకుంటా" అంది.

"తెస్తా పెద్దమ్మా" అన్నాను.

కాబట్టి పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక నా కెమెరా ముందు మనిషి నిలబడితే ఫోకస్ మొహం మీదే పెడతాను. వెనక నల్లమల మొత్తం మసకబారనీ, కంభం చెరువును లోకమంతా కుంట అననీ. నవ్వే మొహాన్ని చచ్చినా డిలీట్ చేయను. ఇకమీదట అబద్ధమాడనని కూడా చేరుద్దామనుకున్నాను గానీ, ఈ ఆదివారం పెద్దమ్మ దగ్గరికి పోవాల్సి ఉంది.