బ్లాగుకి పేరంటం

బ్రాడీపేట బాలత్రిపురసుందరి టీచరు బడి నుంచి రాగానే కాఫీ గ్లాసు కొత్త కంప్యూటరు పక్కన పెట్టుకుని, చూపుడువేలితో ఒక్కో అక్షరం వెతికి పొడుస్తూ బ్లాగు రాసేది. చివరిరోజుల్లో కన్నతల్లే తనను గుర్తుపట్టక "ఎవరమ్మా నువ్వు?" అన్న సంగతి రాస్తే, కింద ఎవరెవరో "బాగుంది. మా బ్లాగూ చూడండి" అని రాసి పోయారు. అసలు చదివారా? చదివే మనుషుల్ని కంప్యూటర్లోకి రప్పించే కిటుకు ఆమెకు తెలియదు. పిలవడానికి తెలిసిన పద్ధతి ఒక్కటే. కుంకుమభరిణె పట్టుకుని వీధంతా తిరిగింది. "ఆదివారం నా బ్లాగు చదవాలి, మర్చిపోవద్దు." అందరూ బొట్టు పెట్టించుకుని, "అయ్యో, తప్పకుండానండీ" అన్నారు.

ఆదివారం పొద్దు వాలినా బ్లాగులో కొత్త మాట ఒక్కటీ పడలేదు. అప్పుడు ఎదురింటి వెంకటరావమ్మ పట్టుచీర కట్టుకుని, అరటిపళ్ళతో గుమ్మంలోకి వచ్చింది. "ఇంకా ఎవరూ రాలేదేంటమ్మా? నాకు చదవడం రాదుగా, నువ్వే చదివి వినిపించు." సుందరి అమ్మ సంగతే చదివింది. ముసలామె కొంగుతో కళ్ళు తుడుచుకుని, "మరి నువ్వేమన్నావమ్మా?" అని అడిగింది.

"అది రాయలేకపోయాను పిన్నిగారూ."