కదపకమ్మ

మా ల్యాబులో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినిపించదు. కణాలను వెచ్చగా పెంచే ఇంక్యుబేటర్ దగ్గరికి ఎవరు వెళ్ళినా "కదపకమ్మా, కదపకు" అంటుంది కాబట్టి అందరికీ కదపకమ్మే. ముప్పై ఏళ్ళ క్రితం సీసాలు కడిగే పనికి వచ్చి, చూసి చూసి నేర్చుకుని, ఇప్పుడు బొడ్డుతాడు రక్తంలోని మూలకణాలను పెంచడంలో పెద్ద చదువులు చదివిన మాకే పాఠాలు చెబుతుంది. నోరు మాత్రం చురుకు. నేను చేరిన రోజే నా గోళ్ళు చూసి, "చేతులా, రంపాలా?" అంది.

మూలకణాల ఒంటిమీద పట్టుకునే అణువులుంటాయి. అవే వాటి చేతులనుకోండి. వాటిని పెంచే ఫ్లాస్కు అడుగున ప్రోటీన్ పూత ఉంటే దాన్ని పట్టుకుని నిలదొక్కుకుంటాయి, పెరుగుతాయి. పట్టు దొరక్కపోతే తేలుతూ తేలుతూ నీరసించిపోతాయి.

ఆ సోమవారం వచ్చిన రక్తం ఒక పసిగుడ్డుది. వాడి ఆరేళ్ళ అక్కకు నెత్తురు జబ్బు, ఈ కణాలే ఎక్కించాలి. దొరికిన కణాలు బహు తక్కువ, పది రోజుల్లో సరిపడా పెరగాలి. రెండో అవకాశం లేదు. ఆ పని నాకు అప్పగించారు.

మూడోరోజు కణాలకు పోసిన పాత ద్రవం తీసేశాక మైక్రోస్కోపులో చూస్తే ఫ్లాస్కు అడుగు ఖాళీ. అప్పుడు తెలిసింది నా తప్పు. పూత వేసిన ఫ్లాస్కులు ఫ్రిజ్‌లో ఉంటాయి. నేను వాడింది బీరువాలోది, ఉత్తది. తీసిన ద్రవం మాత్రం పక్కనే కొత్త ట్యూబులో ఉంది. కదపకమ్మ ఒక చుక్క చూడందే ఏ ద్రవాన్నీ పారబోయనివ్వదు. ఆ పిసినారితనానికి మేమంతా చాటున నవ్వుకునేవాళ్ళం.

"అక్కా, చంపేశాను," అన్నాను. ఏడుపు ఆగలేదు.

తిడుతుందనుకున్నాను. తిట్టకపోయేసరికి ఇంకా భయమేసింది. ట్యూబులోంచి చుక్క తీసి నీలిరంగు కలిపింది. చచ్చిన కణాలైతే ఆ రంగు పీల్చుకుంటాయి. మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది.

"రా, చూడు. ఎక్కువ భాగం తెల్లగానే ఉన్నాయి. వీటికేం రోగం లేదే. పట్టుకోడానికి నువ్వేమీ ఇవ్వలేదు, అంతే."

పెద్ద డాక్టరుగారికి జరిగింది జరిగినట్టు నా నోటితోనే చెప్పించింది. ఆయన సరేనన్నాక పూత ఉన్న ఫ్లాస్కులో కణాలను నా చేతే పోయించింది. పోస్తున్నంతసేపూ నా మణికట్టు కింద తన అరచెయ్యి పెట్టింది.

"మెల్లగా. ఫ్లాస్కు గోడ వెంబడి పొయ్యి."

మర్నాటికి అవి అడుగును పట్టుకున్నాయి. పదో రోజుకు లెక్క సరిపోయింది, పరీక్షల్లో సూక్ష్మజీవుల జాడ కూడా లేదు. కణాలు ఆసుపత్రికి వెళ్ళిన పూట ఆవిడ ఖాళీ ఇంక్యుబేటర్‌ను రెండుసార్లు తుడిచింది. అప్పుడు ఆవిడ మీద నాకు ఎంత ప్రేమ పొంగిందో చెప్పలేను.

ఏడాది తర్వాత జబ్బు నయమైన ఆ పిల్ల, తన తండ్రితో మా వరండాలోకి వచ్చింది. జుట్టు ఇప్పుడిప్పుడే ఒత్తుగా వస్తోంది. తనకెక్కించిన కణాలను పెంచినవాళ్ళను చూడాలని పట్టుబట్టిందట. నేను కదపకమ్మను చూపించాను. బెంచీ మీద కూచున్న ఆవిడ ఒళ్ళోకి ఆ పిల్ల ఎక్కి, మెడ చుట్టూ చేతులు వేసి, నాలుగు కబుర్లు చెప్పి, అక్కడే నిద్రపోయింది.

"మీకు బరువమ్మా, ఇలా ఇవ్వండి," అని తండ్రి చేతులు చాచాడు.

ఆవిడ కళ్ళు తుడుచుకోవడానికి కూడా చెయ్యి తీయలేదు.

"కదపకు బాబూ," అంది. "గట్టిగా పట్టుకుంది."