బ్యాడిగి గొంతు

కొందరికి చీరల పిచ్చి, కొందరికి సినిమాల పిచ్చి, మా ఆయన బుల్లయ్యకి మధ్యాహ్నం నిద్ర పిచ్చి. ఖాజావలి అన్నకి మాత్రం గొంతుల పిచ్చి. పాటలు పాడే గొంతులు కావు, కంప్యూటర్ మాట్లాడే గొంతులు. ఒకటుంటే రెండోది కావాలి, రెండోది దిగేలోపు మూడోదాని మీద కన్ను.

గుంటూరు మిర్చి యార్డు దగ్గర అన్నది కమీషన్ కొట్టు. ఆ కొట్టు మెట్ల పక్కనే నా టీ బండి. అందుకని ఆ కొట్లో ఏం జరిగినా ముందు నాకు తెలుస్తుంది, తర్వాత ఆయనకి తెలుస్తుంది.

కంప్యూటర్ కొన్న కొత్తలో ఆ కొట్లో అందరూ ఏడ్చేవాళ్ళు. అన్న పొద్దస్తమానం కాయ విరిచి చూసి, అదే వేళ్ళతో కీబోర్డు నొక్కేవాడు. ఆ కీబోర్డు ముట్టుకున్న ప్రతివాడూ కళ్ళు నలుపుకునేవాడు. లోపల నలుగురూ ముక్కులు చీదుకుంటుంటే దారిన పోయేవాళ్ళు నా దగ్గర ఆగి, "ఎవరు పోయారమ్మా?" అని మెల్లగా అడిగేవాళ్ళు.

దాంతో అన్న నోటితో చెబితే పనిచేసే సాఫ్ట్‌వేర్ పెట్టించాడు. తెరువు అంటే తెరుస్తుంది, మూసెయ్ అంటే మూస్తుంది. టైపు చేసింది పైకి చదువుతుంది కూడా. కీబోర్డు ముట్టుకునే హక్కు ఇక ఒక్క భవ్యకే. ఆ అమ్మాయి అక్కడ లెక్కలు రాస్తుంది, కాయ జోలికి పోదు.

ఆ భవ్యని చూస్తే నాకు ఒళ్ళు మంట. నేను స్టవ్ ముందు మాడిపోతుంటే తను ఫ్యాను కింద కూర్చుంటుంది. పోనీ కూర్చుంది, ఒక్క మాట మాట్లాడచ్చుగా? టీ ఇస్తే తలూపుతుంది. చక్కెర సరిపోయిందా అంటే నవ్వుతుంది.

"అన్నా, నీ గుమాస్తా నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయా ఏంటి?" అని ఒకసారి అడిగేశాను.

"రాలితే ఏరుకోటానికి నువ్వున్నావుగా. ముందు టీ పొయ్యి" అన్నాడు.

సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన మొదటి గొంతు ఎవరో ఇంగ్లీషావిడది. ఆవిడ తెలుగు చదివితే నోట్లో వేడి బజ్జీ పెట్టుకుని మాట్లాడినట్టుండేది. అన్న రెండు మాటలు విని, "ఇది తాలు" అని తేల్చేశాడు. రంగు పోయి తెల్లబడ్డ కాయని తాలంటారు. కొనేవాడు పక్కకి నెట్టేది అదే.

ఇక కొత్త గొంతుల వేట మొదలైంది. నెట్‌లోంచి గొంతు దించటం ఎలాగో కంప్యూటర్ బాగుచేసేవాడి దగ్గర నేర్చుకుని, అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పేవాడు. "ముందు సెట్టింగుల్లోకి పోయి భాష దించాలి. తర్వాత గొంతు దించాలి. కంప్యూటర్ని ఆపి మళ్ళీ పెట్టాలి. అయినా పలకదు! మళ్ళీ సాఫ్ట్‌వేర్‌లోకి పోయి, నాకు ఈ గొంతే కావాలని చూపించాలి. పెళ్ళిచూపులనుకో. పిల్ల ఎదురుగా వచ్చి కూర్చుంటే అయిపోయిందా? మనం ఒప్పుకోవాలిగా!"

వచ్చిన ప్రతి గొంతుకీ మిరపకాయ పేరు పెట్టాడు. కీచుమనేది సన్నం. గదమాయించేది తేజ. ఒక గొంతు ఉంది, తేనెలో ముంచి తీసినట్టు ఉంటుంది, దాని పేరు బ్యాడిగి. రంగు ఎక్కువ, కారం తక్కువ.

పక్క కొట్టు గురునాథం గారికి కడుపు మండిపోయింది. "నా రైతులు కూడా నీ కొట్టు ముందే నిలబడి గొంతులు వింటున్నారయ్యా! పిచ్చి ముదిరిందా నీకు?" అనేవాడు. పైకి అలా అని, లోపల్లోపల తనూ ఒక సాఫ్ట్‌వేర్ పెట్టించుకున్నాడు. గొంతు దించటం చేతకాలేదు. ఆయన కొట్లో ఇప్పటికీ తాలే మాట్లాడుతుంది.

ఆయన ఏడుపు ఆయన కొట్లోనే ఉండిపోయింది. అన్న భార్య జోహరాబీ వదిన ఏడుపు అలా కాదు.

నల్లపాడులో ఇంటి నుంచి వదిన ఒకరోజు కొట్టుకి ఫోన్ చేసింది. "నమస్కారమండీ. వలీ గారు కాయ చూస్తున్నారు. ఏం చెప్పమంటారు?" అంది బ్యాడిగి.

"నువ్వెవరు?"

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "నేను ఎప్పుడూ ఇక్కడే ఉంటానండీ" అని వచ్చింది.

అంతే! సాయంత్రం అన్న ఇంటికెళ్ళేసరికి పొయ్యి మీద గిన్నె లేదు. ఆ గొడవంతా మర్నాడు వదినే నాకు ఫోన్ చేసి చెప్పింది.

"మిషనంట వదినా, మిషను! మిషనైతే టక్కున చెప్పాలిగా? అది ఆలోచించుకుని మరీ చెప్పింది. పోనీ నా గొంతు పెట్టుకోవయ్యా అంటే ఏమన్నాడో తెలుసా? నీ గొంతు పెడితే రైతులు దిగిన లారీ మళ్ళీ ఎక్కేస్తారన్నాడు!"

"అన్నాడా!"

"శుక్రవారం లోపు ఆ బ్యాడిగిని తీసెయ్యకపోతే మార్టూరు మా అమ్మగారింటికి పోతానని చెప్పా. నువ్వూ నీ గొంతులూ కలిసి వండుకు తినండన్నాను."

అన్న దడిసిపోయాడు. నిద్ర లేదు, తిండి లేదు. మిగతా గొంతులన్నీ తీసేస్తాను, ఆ ఒక్కటీ ఉండనీ అని బతిమాలాడంట. చూడండి తెలివి! అన్నీ వదులుకుంటా గాని అది మాత్రం వదలనంటే ఏ పెళ్ళాం ఊరుకుంటుంది?

శుక్రవారం కొట్టు కిటకిటలాడుతుండగా ఆటో దిగింది వదిన. చేతిలో బట్టల సంచీ. నేను పాలు పొంగితే పొంగాయని వెనకాలే లోపలికి పరిగెత్తాను. గురునాథం గారు నాకంటే ముందే వచ్చి నిలబడ్డాడు.

"ఏదయ్యా అది?" అంది వదిన.

"నెమ్మది జోహరా, మైకు వింటుంది."

"విననీ! దానికి చెప్పటానికే వచ్చా. ఏమే బ్యాడిగీ, మొగుడూ పెళ్ళాల మధ్య నీకేం పనే? మూసెయ్! అన్నీ మూసెయ్!"

మూసేసింది. అన్న మూడుసార్లు చెబితే గాని వినని కంప్యూటరు, వదిన ఒక్క గద్దింపుకి తెర నల్లగా చేసుకుని కూర్చుంది.

"చూశారా, మొగుడికి లేని భయం దానికుంది" అంది వదిన.

సరిగ్గా అప్పుడు కొట్టు ఫోన్ మోగింది. భవ్య అలవాటుగా స్పీకర్ నొక్కి, కీబోర్డు మీద వేళ్ళు పెట్టింది. అవతల నుంచి ఒక రైతు, "హలో, టిక్కీలు దించమంటారా, వెనక్కి తిప్పమంటారా? లారీవాడు ఆగట్లేదు!" అని అరుస్తున్నాడు. టిక్కీలంటే మిర్చి బస్తాలు. భవ్య గబగబా మీటలు నొక్కింది. కంప్యూటర్ ఉలకదు, పలకదు. అన్న ముందుకి రాబోతే వదిన సంచీ అడ్డం.

భవ్య నోరు తెరిచింది. "ది... ది... ది..."

"ఏమ్మా, నోట్లో కాయ అడ్డం పడిందా?" అని రైతు ఇకిలించాడు. గురునాథం గారు, "ఓహో, ఇదా సంగతి!" అని కిసుక్కుమన్నాడు. ఆ పిల్ల మొహం పండు మిరపకాయ అయిపోయింది.

వదిన నవ్వలేదు. చచ్చిపోయిన కీబోర్డు మీద ఇంకా కదులుతున్న ఆ వేళ్ళ వంక చూసింది. ఇన్నాళ్ళూ ఎదురుగా కూర్చుని నేను కనిపెట్టనిది, అప్పుడే వచ్చి కనిపెట్టేసింది! నాకు ఎంత కడుపుమంటో చెప్పలేను. వదిన సంచీ కింద పడేసి ఫోన్ లాక్కుంది.

"దించవయ్యా! దించి నువ్వు కూడా లోపలికి రా. నీ నోట్లో ఏ కాయ పెట్టాలో చూపిస్తా!"

తర్వాత పక్కకి తిరిగి, "గురునాథం గారూ, మీకూ ఒకటి కావాలా అండీ?" అంది. ఆయనకి తన కొట్లో అర్జెంటు పని గుర్తొచ్చింది.

"అయితే ఆ రోజు నాతో మాట్లాడింది ఈ పిల్లా?" అంది వదిన. అన్న తలూపాడు. "మరి దీనికి ఒక్క గొంతు చాలుగా? అన్ని గొంతులెందుకు?"

"ఒక్కటే ఉంటే అది ఎవరి మాటా అని వెతుకుతారు. అన్ని ఉంటే వలీకి పిచ్చని నన్ను చూసి నవ్వుతారు. నవ్వనీ. పాతికేళ్ళ కాపురం, నాకు మాటలు పడటం అలవాటే."

"నాకైనా చెప్పచ్చుగా?"

"చెప్పేవాణ్ణే. నువ్వు టీ వదినకి చెప్పకుండా ఉంటావా?"

కొట్లో ఉన్నవాళ్ళంతా నా వంక చూశారు. నేను పాలు చూసుకోటానికి కదిలాను, కానీ గుమ్మం దాటలేదు.

కంప్యూటర్ మళ్ళీ వెలిగింది. భవ్య టైపు చేసింది. "అక్కా, మీకు కోపమైతే నేను తేజ గొంతు తీసుకుంటాను" అంది బ్యాడిగి.

"తేజని నేనమ్మా. ఈ కొట్లో రెండు తేజలు కుదరవు" అంది వదిన. "బ్యాడిగే బాగుంది, ఉంచుకో." అని మొగుడి వైపు తిరిగి, "నీతో మాట్లాడేటప్పుడు మాత్రం తాలే మాట్లాడాలి, చెబుతున్నా!" అంది.

ఇప్పటికీ అదే చట్టం. ఊరందరికీ తేనె, అన్నకి వేడి బజ్జీ.

భవ్య ఇప్పుడు నాతో సొంత గొంతుతోనే మాట్లాడుతుంది. మొదటి మాట ఏమందో తెలుసా? "చ... చక్కెర ఎక్కువైంది, వదినా." ఇన్నాళ్ళూ నవ్వింది అందుకన్నమాట! తను మాట పూర్తి చేసేలోపు టీ చల్లారితే చల్లారింది, మళ్ళీ వెచ్చబెట్టి ఇస్తున్నాను.

ఇంటికెళ్ళి మా బుల్లయ్యని నిద్ర లేపాను. "జోహరా వదిన తేజంట, ఆ పిల్ల బ్యాడిగంట. మరి నేనేం కాయని?"

ఒక కన్ను తెరిచి చూశాడు. "నువ్వు కాయవి కాదే, యార్డులో ఘాటువి. ఎక్కడుంటావో కనపడవు, ఊరందరికీ తుమ్ములు నీ వల్లే" అని అటు తిరిగి పడుకున్నాడు.